అనంతపురంలో మా పిల్లల స్కూలు: పిల్లల్ని చూసుకునే తీరు మీద నా రివ్యూ

పదో తరగతి రిజల్ట్స్ వచ్చాక అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా ఎటు చూసినా మార్కుల ఫ్లెక్సీలే. 600కి 590 దాటినవాళ్ళ ఫొటోలు, కింద స్కూలు పేరు, ఫోన్ నంబరు. అడ్మిషన్ల టైమ్‌లో నన్ను అడిగేవాళ్ళు కూడా మొదట అదే అడుగుతారు, "అక్కా, అక్కడ రిజల్ట్ ఎట్లా ఉంటుంది?" అని. రిజల్ట్ బాగానే ఉంటుంది, దాని మీద రాయడానికి ఏమీ లేదు. కానీ పిల్లలు పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ఉండే చోట వాళ్ళకు భయమేసినా, ఎవరైనా ఏడిపించినా, ఒంట్లో బాగోలేకపోయినా ఎవరు పట్టించుకుంటారు, ఎట్లా పట్టించుకుంటారు అనేది ఎక్కడ వెతికినా దొరకదు. నేను స్కూలు వెతుక్కునేటప్పుడు నాకూ దొరకలేదు. అందుకే రాస్తున్నా.

మా పాప ఇక్కడ ఆరో తరగతి నుంచి చదువుతోంది, ఈ జూన్‌లో పదికి వస్తుంది. బాబు ఆరు పూర్తి చేశాడు. స్టేట్ సిలబస్, ఇంగ్లీష్ మీడియం, హాస్టల్ లేదు, దగ్గర దగ్గర వెయ్యి మంది పిల్లలు. స్కూలు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో మా పిల్లల విషయాలతో పాటు వేరే పిల్లల విషయాలూ ఉన్నాయి, పైగా మా ఇద్దరూ ఇంకా అక్కడే చదవాలి.

ముందు దండగ విషయం చెప్పేస్తా. ప్రాస్పెక్టస్‌లో ‘వెల్‌నెస్’, ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’ అని రెండు పేజీలు ఉంటాయి, దానికి ఏడాదికి 1,500 రూపాయలు విడిగా కట్టాలి. ఆ డబ్బుకు ఒక రంగుల పుస్తకం, ఒక బ్యాడ్జి, నెలకొక పీరియడ్ వస్తాయి. పుస్తకంలో ‘నీలో నీకు నచ్చే ఐదు గుణాలు రాయి’ లాంటి పేజీలు. పాప మొదటి వారంలోనే అన్నీ నింపేసింది, ఆ తర్వాత ఏ టీచరూ దాన్ని తెరిచి చూడలేదు. మీరు చేరితే ఆ ఫీజు తప్పనిసరా అని ఆఫీసులో గట్టిగా అడగండి. ఈ స్కూల్లో నిజంగా పిల్లలకు పనికొచ్చేవి ఆ రెండు పేజీల్లో లేవు. ఒక కౌన్సిలర్ మేడమ్, ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్, పీటీ సార్, బాత్రూముల దగ్గరుండే ఆయమ్మ. నేను ఈ స్కూలుకు ఇచ్చే మార్కులన్నీ ఈ నలుగురివే.

పాప ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, హాఫ్ ఇయర్లీ పరీక్షలకు ముందు, పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. స్కూలు రోజుల్లోనే వచ్చేది, ఆదివారం ఉండేది కాదు. డాక్టర్‌కు చూపించాం, స్కాన్‌లో ఏమీ లేదన్నారు, గ్యాస్ మాత్రలు రాశారు. "ఏమైంది పాపా?" అంటే "ఏం లేదులేమ్మా" అనేది. ఒక సాయంత్రం క్లాస్ టీచర్ ఫోన్ చేశారు. "పాప మధ్యాహ్నం అన్నం తినట్లేదండీ. బాక్సు తీసుకుని లైబ్రరీ వరండాలో ఒక్కతే కూర్చుంటోంది, గేటు దగ్గర కుక్కకు పెట్టేస్తోంది. మీకు ఖాళీ బాక్సే వస్తుంది కాబట్టి తెలిసి ఉండదు. కొట్లాట ఏమీ జరిగినట్టు లేదు, అయినా నాకు మనసు ఒప్పక చేస్తున్నా" అన్నారు. 45 మంది ఉన్న సెక్షన్‌లో, సిలబస్ తరుముకొస్తున్న డిసెంబరులో, ఒక పిల్ల ఎక్కడ కూర్చుని తింటోందో చూసిన మనిషి ఆవిడ. మార్కులు తగ్గితే ఫోన్ చేసే స్కూళ్ళు చాలా ఉన్నాయి. మా పాపకు అప్పటికి మార్కులు తగ్గలేదు కూడా.

తర్వాత తెలిసిందేమంటే, పాప బ్యాచ్ అమ్మాయిలు ఇన్‌స్టాలో ఒక గ్రూపు పెట్టుకున్నారు, పాపను అందులో చేర్చుకోలేదు, తన ఫొటో ఒకటి అందులో పెట్టి రంగు గురించి కామెంట్లు రాశారు. స్కూల్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చోబోతే జరిగి కూర్చోవడం, అంతే. ఇట్లాంటిది చాలా స్కూళ్ళలో "ఆడపిల్లల మధ్య మామూలేనండీ, వాళ్ళే కలిసిపోతారు" అని వదిలేస్తారు. లేదంటే ప్రేయర్‌లో నిలబెట్టి అందరి ముందు తిడతారు, దాంతో పిల్లకు మిగిలిన ఒకరిద్దరు స్నేహితులు కూడా దూరమవుతారు.

ఇక్కడ ఏం చేశారో కొంచెం వివరంగా రాస్తాను, మీ పిల్లల స్కూల్లో ఇట్లాంటిది వస్తే ఏం అడగాలో తెలుస్తుంది. కౌన్సిలర్ మేడమ్ మొదట పాపతో మాట్లాడినప్పుడు ఎవరు చేశారు అని పేర్లు అడగలేదట. నిద్ర ఎట్లా పడుతోంది, ఆకలేస్తోందా, స్కూల్లో ఏ టైమ్ అన్నిటికంటే కష్టంగా ఉంటుంది అని అడిగారట. కష్టమైన టైమ్ లంచ్ బ్రేక్ అని తేలాక, ముందు దానికి ఏర్పాటు చేశారు. తొమ్మిదో తరగతి అమ్మాయితో కలిపి లైబ్రరీ పుస్తకాలు రిజిస్టర్‌లో రాసే పని పాపకు అప్పగించారు, భోజనం కూడా ఆ అక్కతోనే. పాపను సెక్షన్ మార్చలేదు, ఎందుకంటే తప్పు చేయని పిల్లను కదిలిస్తే తనకే శిక్ష వేసినట్టు ఉంటుందని మేడమ్ చెప్పారు. ఆ అమ్మాయిలతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు, వాళ్ళ అమ్మానాన్నలను కూడా విడివిడిగానే పిలిచారు, గ్రూపులోంచి ఆ ఫొటో తీసేయించారు. ప్రేయర్‌లో ఒక్క మాట లేదు. మాకు చెప్పింది మాత్రం ఒకటే, ఇంటికి రాగానే "ఈ రోజు ఎవరైనా ఏమైనా అన్నారా" అని ఆరా తీయొద్దు, వంటింట్లో మీ పనిలో మీరుంటే పక్కకొచ్చి తనే చెబుతుంది అని. అట్లాగే చెప్పింది, చపాతీలు ఒత్తుతుంటే. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి కడుపునొప్పి మాట మళ్ళీ రాలేదు. ఆ అమ్మాయిల్లో ఒకరు ఇప్పుడు మా ఇంటికి కూడా వస్తారు, మిగిలినవాళ్ళు పలకరించరు, పాప దాన్ని పట్టించుకోవడం మానేసింది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఆ మొదటి రోజు మేడమ్ పాపకు చెప్పిన మాట. నువ్వు నాతో చెప్పింది నేను మీ అమ్మకు కూడా చెప్పను, కానీ నీకు ప్రమాదం ఉన్నా, నీ వల్ల ఇంకొకరికి ప్రమాదం ఉన్నా, పెద్దవాళ్ళెవరైనా నీతో తప్పుగా ప్రవర్తించి ఉన్నా మాత్రం చెప్పక తప్పదు, ఆ సంగతి నీకు ముందే చెబుతున్నా అన్నారట. తల్లిగా వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ నాతో నోరు విప్పని పిల్ల ఆవిడ దగ్గర విప్పింది ఆ మాట వల్లే. మూడో సందర్భం అయితే చట్టమే. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, స్కూలు పరువు పోతుందని లోలోపల సర్దేస్తే అది కూడా నేరమే. మీరు చూసే స్కూల్లో కౌన్సిలర్ ఉంటే, పిల్లలు చెప్పింది ఎవరికి చెబుతారు, ఎవరికి చెప్పరు అని అడగండి. ఠక్కున జవాబు వస్తే ఆ స్కూల్లో ఈ పని నిజంగా జరుగుతున్నట్టే.

ఇక బాత్రూములు. నవ్వకండి, ఆడపిల్లల తల్లులకు ఇది పెద్ద విషయం. బాత్రూములు బాగోలేవని రోజంతా నీళ్ళు తాగకుండా ఉండే ఆడపిల్లలు మన ఊళ్ళో లెక్కలేనంత మంది, అనంతపురం ఎండల్లో. తలనొప్పి, యూరిన్ ఇన్ఫెక్షన్, సాయంత్రానికి చికాకు, దాన్ని మనం "చదువు మీద శ్రద్ధ లేదు" అనుకుంటాం. ఈ స్కూల్లో రోజుకు మూడుసార్లు నీళ్ళ కోసం బెల్ కొడతారు, అందరూ బాటిల్ తీయాల్సిందే. ఆడపిల్లల బాత్రూములకు లోపల గడియలు ఉన్నాయి, నీళ్ళు వస్తాయి, వాడిన ప్యాడ్లు వేయడానికి మూతున్న డబ్బా ఉంది. ప్యాడ్లు ఆయమ్మ దగ్గర ఉంటాయి, ఎవరినీ పర్మిషన్ అడిగే పని లేదు, రిజిస్టర్‌లో సంతకం లేదు. పాపకు మొదటిసారి స్కూల్లోనే అయింది, గణితం పీరియడ్‌లో. ఆయమ్మ తన చున్నీ ఇచ్చి కప్పి, కూర్చోబెట్టి, "ఏం కాదు బంగారూ, నాకూ బడిలోనే అయింది" అని చెప్పిందట. ఆ ఆయమ్మకు నేను దసరాకు చీర పెట్టాను, ఇప్పటికీ కనిపిస్తే ఆగి మాట్లాడతాను. స్కూలు వాళ్ళు ఆవిడ జీతం పెంచాలని పీటీఎంలో (పేరెంట్స్-టీచర్స్ మీటింగులో) కూడా చెప్పాను.

బాబు సంగతి వేరే. వాడు మాట్లాడేటప్పుడు కొంచెం తడబడతాడు, పాత స్కూల్లో పాఠం బయటికి చదవమంటే పిల్లలు నవ్వేవాళ్ళు. ఇక్కడ చేరేటప్పుడు అప్లికేషన్‌లో ‘మీ పిల్లల గురించి టీచర్‌కు తెలియాల్సింది’ అని ఒక గడి ఉంది, అందులో రాశాను. రాసింది ఎవరైనా చదువుతారని అనుకోలేదు, చదివారు. ఇంగ్లీష్ మిస్ వాడిని ఒక్కడినే లేపి చదివించకుండా, ఇద్దరిద్దరిని కలిపి చదివించడం మొదలుపెట్టారు, క్లాసు మొత్తానికీ. ఇద్దరు కలిసి చదివితే వాడికి తడబాటు తగ్గుతుంది. వాడిలో ధైర్యం తెచ్చింది మాత్రం పీటీ సార్. వారానికి రెండు పీరియడ్లు నిజంగా గ్రౌండ్‌లోకి పంపిస్తారు, ఆటలో బాగా ఆడేవాళ్ళనే కాకుండా అందరినీ ఆడిస్తారు, కబడ్డీ టీముకు స్కోరు అరిచే పని వాడికిచ్చారు. అరిచేటప్పుడు వాడికి తడబాటు రాదు, అది సార్ గమనించారు.

ఆటల విషయంలో మన ఊరికి ఉన్న అదృష్టం చాలామంది వాడుకోరు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఇక్కడే ఉంది, రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు 2010లో అక్కడ మొదలైంది, పేద పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీష్, కంప్యూటర్ నేర్పడానికి. ఆటతోనే పిల్లల్ని పెంచవచ్చని చూపించినవాళ్ళు మన ఊళ్ళోనే ఉంటే, మన ప్రైవేటు స్కూళ్ళు సగం గ్రౌండ్‌లో బస్సులు పెట్టుకుంటున్నాయి. డబ్ల్యూహెచ్‌ఓ ఐదు నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంట ఒళ్ళు కదిలే ఆట కావాలంటుంది. వారానికి రెండు పీరియడ్లు దానికి చాలా తక్కువ, అయినా మన ఊళ్ళో చాలా చోట్ల దొరికేదానికంటే ఎక్కువే.

ఇప్పుడు బాగోలేనివి. చాలా బాగోలేనిది తొమ్మిది అయ్యాక మొదలవుతుంది. తొమ్మిదో తరగతి చివరి పరీక్ష మార్కులు చూసి పదికి సెక్షన్లు విడగొడతారు, పైన వచ్చిన 40 మంది ఒక సెక్షన్, వాళ్ళకు మంచి టీచర్లు, మిగిలినవాళ్ళు మిగిలినదాంట్లో. పాప మొదటి సెక్షన్‌లో పడింది, తన స్నేహితురాలు పడలేదు. ఆ పిల్ల అప్పటిదాకా సైన్స్‌లో చురుగ్గా ఉండేది, లిస్టు పెట్టిన రోజు నుంచి "నేను ఎట్లాగూ బి సెక్షనే కదా ఆంటీ" అంటోంది. పద్నాలుగేళ్ళ పిల్ల నోట ఆ మాట వినడం నాకు చాలా బాధగా ఉంది. ఇంకో సంగతి, పదిలో ఆటల పీరియడ్లు ఉండవు, కాగితం మీద ఉంటాయి, గణితం సార్ వచ్చేస్తారు. సాయంత్రం స్టడీ అవర్ ఏడున్నర దాకా. ఇంటికొచ్చి హోంవర్క్ రాసి పడుకునేసరికి పదకొండు దాటుతుంది, పొద్దున్నే ఐదింటికి లేవాలి. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతుంటే ఆరు గంటలు కూడా రావడం లేదు. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల అన్నం తినలేదని ఫోన్ చేసిన స్కూలే, పదిలో పిల్లలందరికీ నిద్ర లేకపోతే పట్టించుకోవడం లేదు.

సెక్షన్ల విషయం నేను పీటీఎంలో లేవనెత్తాను. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది, కేసు కూడా మన రాష్ట్రంలో జరిగినదే, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కోసం తండ్రి పోరాడిన కేసు. అందులో స్కూళ్ళు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు అన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు, ప్రభుత్వం చట్టం తెచ్చేదాకా అవే పాటించాలి. మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టొద్దు, అందరి ముందు అవమానించొద్దు, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ పిల్లలుంటే అర్హత ఉన్న కౌన్సిలర్‌నో సైకాలజిస్ట్‌నో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలి, హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాలతో కనబడేలా రాయాలి, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ ప్రింట్ తీసుకుని వెళ్ళాను. ప్రిన్సిపాల్ సార్ ఓపిగ్గా విన్నారు, కౌన్సిలర్ ఉన్నారు కదమ్మా అన్నారు. సెక్షన్ల గురించి అడిగితే "పేరెంట్సే అడుగుతున్నారమ్మా, విడగొట్టకపోతే వేరే స్కూలుకు పోతామంటున్నారు" అన్నారు. అది అబద్ధం కాదు, ఆ మీటింగులోనే ఇద్దరు తండ్రులు నా మీదికి లేచారు. ఇప్పటికీ సెక్షన్లు అట్లాగే ఉన్నాయి. మార్చింది ఒక్కటే, యూనిట్ టెస్ట్ మార్కులు అందరి పేర్లతో వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళు, ఇప్పుడు ఎవరివి వాళ్ళకే పంపిస్తున్నారు. అది కూడా చిన్న మార్పేమీ కాదు, గ్రూపులో మార్కులు వచ్చిన రాత్రి ఎన్ని ఇళ్ళల్లో పిల్లలు దెబ్బలు తిన్నారో పిల్లల మాటల్లో తెలిసేది.

కౌన్సిలర్ మేడమ్ ఎంత మంచివారైనా వారానికి మూడు రోజులే వస్తారు, మిగిలిన రోజులు వేరే బ్రాంచికి పోతారు. వెయ్యి మందికి ఒక్క మనిషి, అదీ సగం వారం. పైగా ఆవిడ గది ఆఫీసు పక్కన, ఫీజు కౌంటర్ ఎదురుగా. లోపలికి ఎవరు పోతున్నారో అందరికీ కనిపిస్తుంది, పెద్ద మగపిల్లలు అందుకే అసలు పోరు. మేడపైన ఖాళీగా ఉన్న మ్యూజిక్ గది ఇవ్వమని రాసిచ్చాము, ఇంకా ఇవ్వలేదు. మేడమ్ లేని రోజుల కోసం క్లాసుల్లో 14416 నంబరు రాయించమని కూడా అడిగాము, అది మాత్రం వెంటనే చేశారు. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, డబ్బు కట్టే పని లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, పిల్లలతో ఎట్లా మాట్లాడాలో తెలియక టెన్షన్ పడే మనం కూడా చేయవచ్చు. పిల్లల మీద హింస జరుగుతుంటే 1098. మీ స్కూల్లో ఈ రెండూ గోడ మీద లేకపోతే చార్టు మీద రాసి మీరే ఇవ్వండి, పది రూపాయల పని.

దెబ్బల గురించి ఒక్క మాట. ఇక్కడ కొట్టరు. హిందీ సార్ ఒకరు ఒకసారి స్కేలుతో కొడితే ఇద్దరు ముగ్గురు పేరెంట్స్ వెళ్ళి అడిగారు, మళ్ళీ జరగలేదు. "రెండు తగిలిస్తేనే దారికొస్తారు సార్" అని తల్లిదండ్రులే చెప్పే ఊరు మనది. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసికంగా వేధించడాన్నీ రెండిటినీ నిషేధించింది. రెండోది చాలామందికి తెలియదు, మాటలతో కించపరచడం కూడా అందులోకే వస్తుంది.

ఇంత చదివాక ప్రైవేటులో చేర్చాలంటున్నానని అనుకోకండి. మా చెల్లెలు కళ్యాణదుర్గం వైపు జెడ్పీ హైస్కూల్లో టీచర్. ప్రభుత్వ బడుల్లో 2020లో వచ్చిన కేంద్రం కార్యక్రమం కింద స్కూలుకు ఇద్దరు టీచర్లకు ఆరోగ్యం, భావోద్వేగాలు, మత్తు, ఇంటర్నెట్ జాగ్రత్తలు లాంటి 11 విషయాల మీద శిక్షణ ఇచ్చి, వారానికొక క్లాసు చెప్పించాలనే ఏర్పాటు ఉంది. పిల్లలు తక్కువ ఉన్న బడిలో టీచర్‌కు ప్రతి పిల్ల ఇల్లు తెలుసు, అమ్మానాన్న బెంగళూరుకు పనికి పోతే ఆ పిల్ల అవ్వ దగ్గర ఉందని తెలుసు. మా చెల్లెలి క్లాసులో అట్లాంటి పిల్లలు చాలామంది, వాళ్ళతో అమ్మకు వీడియో కాల్ చేయించడానికి తన ఫోనే ఇస్తుంది. 1,500 రూపాయల పుస్తకం కంటే అది చాలా మేలు.

చూడటానికి వెళ్ళేవాళ్ళు ఆఫీసులో కూర్చుని మాట్లాడి వచ్చేయకండి. లంచ్ బ్రేక్‌లో వెళ్ళి, పిల్లలు ఎక్కడ కూర్చుని తింటున్నారో, ఒంటరిగా ఉన్న పిల్ల దగ్గరికి ఎవరైనా పెద్దవాళ్ళు వెళ్తున్నారో లేదో చూడండి. ఆడపిల్లల బాత్రూమ్ చూపించమనండి. పదో తరగతి పిల్లలు ఆఖరిసారి గ్రౌండ్‌లోకి ఎప్పుడు వెళ్ళారో పిల్లలనే అడగండి, వాళ్ళు నిజం చెబుతారు.

ఆరు నుంచి తొమ్మిది దాకా అయితే ఈ స్కూలుకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. పదో తరగతికి రెండు. బాబును మార్చే ఆలోచన లేదు. పాపను స్టడీ అవర్ నుంచి ఆరున్నరకే పంపించమని లెటర్ రాసిచ్చాను, మొదట కుదరదన్నారు, ఇంకో నలుగురు తల్లులు కూడా రాసిచ్చాక ఒప్పుకున్నారు. జూన్‌లో మళ్ళీ సెక్షన్ల విషయం అడగబోతున్నాం, ఈసారి కొంచెం ఎక్కువ మందిమి. అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదివి ఏ స్కూలో గుర్తుపడితే మొదటి పీటీఎంకు తప్పకుండా రండి.